నివేదనకు ముందు నేల దర్శనం



కొన్నేళ్ల క్రిందట ఒకనాడు మన అన్నదాన సత్రంలో మధ్యాహ్న ప్రసాద వితరణ ముగిసిన తరువాత, ఒక దాతగారు నా వద్దకు వచ్చి తమ సందేహం వెలిబుచ్చారు. "శాస్త్రిగారూ, రసాయన ఎరువులతో, పురుగుమందులతో పండిన బియ్యాన్ని స్వామికి నివేదించవచ్చునా? శాస్త్రం ఏమంటున్నది?" అని అడిగారు. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు గో ఆధారిత సేద్యంలో పండిన ధాన్యంతో శ్రీవారి నైవేద్యం సమర్పించే కార్యక్రమం ప్రారంభించారు. ఆ వార్త విన్నది మొదలు వారి మనస్సులో ఈ ప్రశ్న మెదలుతున్నదట.

నేను తడుముకోకుండా సమాధానం చెప్పాను. అన్నానికి దోషాలు మూడు విధాలని భగవద్రామానుజులు వివరించారు. వెల్లుల్లి వంటి పదార్థాలకు స్వభావం చేతనే ఉండేది జాతి దోషం. అన్నం ఎవరి నుండి వచ్చినదో ఆ వ్యక్తి వలన సంక్రమించేది ఆశ్రయ దోషం. వెంట్రుకో, మలినమో పడడం వలన కలిగేది నిమిత్త దోషం. "పురుగుమందు అవశేషం వెలుపలి నుండి చేరినదే కనుక అది నిమిత్త దోషం. అటువంటి బియ్యం మాని శుద్ధమైనది తెచ్చుకోవడం శ్రేయస్కరం" అన్నాను. వారు తృప్తి చెంది వెళ్లారు. నేనూ తృప్తి చెందాను.

ఆ సమాధానంలో ఒక లోపం ఉన్నది. అది ఏమిటో గ్రహించడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఒక రైతు కుటుంబం ఏడాది పొడవునా తినవలసిన గింజలూ అందుకు వెచ్చమైనాయి. ఆ వృత్తాంతాన్ని దాచకుండా మీకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం. సేంద్రియ వ్యవసాయాన్ని చూడడానికి యాత్రగా వెళ్లాలనుకునే భక్తులకూ, స్వగ్రామంలో భూమి ఉండి పట్టణాలలోను, విదేశాలలోను నివసించే దాతలకూ ఇది ఉపకరిస్తుందని భావిస్తున్నాను.

పుస్తకంలో ఉన్నది, పొలంలో ఉన్నది

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తన తండ్రి వరుణుని ఆశ్రయించి బ్రహ్మమును గురించి బోధించమని ప్రార్థించాడు. తండ్రి పూర్తి సమాధానం చెప్పి పంపలేదు. తపస్సు చేసి తెలుసుకొమ్మన్నాడు. భృగువు వెళ్లి, అన్నమే బ్రహ్మమని తెలుసుకొని తిరిగి వచ్చాడు. తండ్రి మళ్లీ పంపాడు. వెళ్లడం, తెలుసుకోవడం, తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం, ఇదే ఆ విద్యాక్రమం. ఈ ఘట్టాన్ని పాఠశాలలో ఎందరో విద్యార్థులకు చెప్పాను. కానీ అన్నం పుట్టే చోటికి నేను ఒక్కసారైనా వెళ్లి చూడలేదు.

సేద్యం గురించి సంస్కృతంలో చదువుకోలేదా అంటే, చదువుకున్నాను. కృషిపరాశరం అనే గ్రంథంలో పేడకుప్పను మాఘమాసంలో తవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణంలో పొలంలోని గుంతలలో నిలువచేసి, విత్తే వేళకు చల్లమని స్పష్టంగా చెప్పబడింది. సురపాలుని వృక్షాయుర్వేదంలో కుణపజలం అనే ద్రవ ఎరువు ప్రస్తావన ఉన్నది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న దాని వ్రాతప్రతిని తెప్పించి, ఆచార్య నళిని సాధలే అనువాదంతో 1996లో సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర ప్రతిష్ఠానం వారు ప్రకటించారు. ఇవన్నీ ఉపన్యాసాలలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాడినే. కానీ పేడకుప్పను పారతో తిరగవేసిన అనుభవం మాత్రం నాకు లేదు.

ఇటువంటి స్థితిలో, నాలుగేళ్ల క్రిందట వైశాఖ మాసంలో కొందరు దాతలతో కలిసి కృష్ణా డెల్టాలోని ఒక గ్రామానికి బయలుదేరాను.

తొలి దర్శనం

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం అనే కార్యక్రమం 2016 నుండి సాగుతున్నది. 2024లో దీనికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం, ఈజిప్టులోని సెకెమ్ సంస్థతోను, మృత్తికా శాస్త్రవేత్త రతన్‌లాల్‌తోను కలిపి లభించింది. ఇందులో నాకు నచ్చిన విశేషం ఒకటి ఉన్నది. పాఠం చెప్పేవారిలో అధికులు స్వయంగా పండించి చూపిన రైతులే. గ్రామంలోని మహిళా సంఘాలే దీనికి ఆధారం.

మాకు ఆనాడు గురువైనది ఆ సంఘానికి చెందిన ఒక నడివయస్సు రైతమ్మ. ఆమె చదువు ఊరి బడితోనే ఆగిపోయినదట. ముందుగా మమ్మల్ని నీడకు తీసుకువెళ్లి జీవామృతం తయారీ చూపింది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పచ్చి ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, రసాయనాలు తగలని గట్టు మీది మన్ను ఒక గుప్పెడు వేశారు. డ్రమ్ము మీద గోనెపట్టా కప్పి, ఉదయం సాయంత్రం సవ్యదిశలో కర్రతో కలుపుతూ 48 గంటలు ఉంచుతారు. ఎకరానికి ఒక డ్రమ్ము చొప్పున సాగునీటితో కలిపి పారిస్తారు.

ఇందులోని మర్మం ఆమె చక్కగా చెప్పింది. పేడలోను, గట్టు మన్నులోను కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. బెల్లం, పిండి వాటికి ఆహారం. రెండు రోజులలో అవి అసంఖ్యాకంగా వృద్ధి చెందుతాయి. నేలలో చేరిన తరువాత, మొక్క తన వేళ్ల ద్వారా స్రవించే తీపి రసాలను ఇవి అందుకొని, మట్టిలో బిగిసి ఉన్న పోషకాలను మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి. విత్తనానికి పట్టించేది బీజామృతం. దానిలో పేడ, మూత్రం, సున్నం, మన్ను ఉంటాయి. మొలక దశలో వచ్చే తెగుళ్ల నుండి అది కాపాడుతుంది.

తరువాత పొలంలోకి వెళ్లాము. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి ఉన్నారు. పేరుకు నవధాన్యాలే కానీ, చిరుధాన్యాలు, పప్పుజాతులు, నూనెగింజలు, ఆకుకూరలు కలిపి ఇరవైకి పైగా రకాల విత్తనాలు వాడుతారు. నేల ఎండకు బోసిగా ఉండరాదు, ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చదనం కప్పి ఉండాలి అన్నది ఈ పద్ధతికి మూలసూత్రం. వేర్లు బ్రతికి ఉన్నంతకాలం సూక్ష్మజీవులకు ఆహారం అందుతుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేరుబొడిపెలలో నిలుపుతాయి.

నేను ఊరుకోలేక కృషిపరాశరంలోని పేడకుప్ప సంగతి ఎత్తి వ్యాఖ్యానం మొదలుపెట్టాను. ఆమె శ్రద్ధగా విని, వంగి గుప్పెడు మన్ను తీసి నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, పుస్తకంలో ఎట్టా రాశారో నాకు తెలవదు. వాసన చూడండి. పక్క చేలో మన్ను కూడా తీసి చూడండి" అన్నది. రెండూ చూశాను. ఒకటి గుల్లగా, తొలివాన పడినప్పటి సుగంధంతో ఉన్నది. మరొకటి బెడ్డలు కట్టి, వాసన లేకుండా ఉన్నది. భేదం తెలియడానికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

నేను చేసిన అపరాధం

ఇక్కడి నుండి చెప్పేది చెప్పుకోదగిన విషయం కాదు. అయినా చెప్పాలి.

నాకు పిత్రార్జితమైన రెండున్నర ఎకరాల మాగాణి ఉన్నది. చిరకాలంగా ఒకే రైతు కౌలుకు చేస్తున్నాడు. యాత్ర నుండి తిరిగి వచ్చిన ఉత్సాహంలో అతనిని పిలిపించి, ఈ సార్వా నుండి యూరియా బస్తా పొలంలో అడుగుపెట్టరాదని, జీవామృతంతోనే పండించాలని, ఆ బియ్యమే సత్రానికి సమర్పిస్తానని చెప్పాను. అతడు తల గోక్కుని, "మొత్తం చేనుకా అయ్యగారూ?" అని అడిగాడు. మొత్తానికే అన్నాను. భూమి నాది, సంకల్పం నాది. అతడు కాదనలేకపోయాడు.

ఆ ఏడు చేను పాలిపోయింది. పిలకలు పలుచగా వచ్చాయి. దిగుబడి బాగా తగ్గింది. నూర్పిడి అయిన తరువాత ఒప్పందం ప్రకారం కౌలు ధాన్యం మా ఇంటికి చేరింది. ఒక్క బస్తా కూడా తగ్గలేదు. అందులో నుండి బియ్యం ఆడించి సత్రానికి సమర్పించాను. రసాయనం తగలని బియ్యం అని నలుగురూ ప్రశంసించారు. నా మనస్సు పొంగింది.

సంక్రాంతి వెళ్లిన తరువాత అతడు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "అయ్యగారూ, మీ మాట మీద చేశాను. మక్తా మీకు ముట్టింది. ఈ ఏడు మేము బియ్యం కొనుక్కుని తింటున్నాము. పొలం ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాతగారికి నేను చెప్పిన సమాధానం గుర్తుకు వచ్చింది. మూడు దోషాలలో నిమిత్త దోషాన్నే పట్టుకున్నాను. ఆశ్రయ దోషాన్ని గురించి ఆలోచించలేదు. అన్నం ఎవరి నుండి వచ్చినదో ఆ వ్యక్తి వలన కలిగే దోషం అది. సత్రానికి ఆ బియ్యం వచ్చినది నా నుండే. పండించినవాని ఇంట గింజ లేకుండా చేసి తెచ్చిన బియ్యంలో మందు అవశేషం లేకపోవచ్చు. దోషం మాత్రం ఉన్నది. అది గింజలో లేదు, ఇచ్చినవానిలో ఉన్నది. నా వ్రతాన్ని నేను మరొకరి కడుపు మీద చేశాను.

మరునాడు తీసుకున్న కౌలు ధాన్యం విలువ అతనికి తిరిగి ఇచ్చాను. అతడు మొదట వద్దన్నాడు. అతని భార్య తీసుకున్నది. ఆమె తీసుకోవడం నాకు మేలే చేసింది.

రెండవ దర్శనం

మరుసటి వైశాఖంలో ఆ రైతునూ వెంటబెట్టుకొని మళ్లీ అదే గ్రామానికి వెళ్లాను. ఈసారి బస్సు లేదు, దాతలు లేరు. జరిగినది విన్న ఆ రైతమ్మ నన్ను మందలించలేదు కానీ, "మేము మొదటి ఏడు అర ఎకరమే చేశాం అయ్యగారూ. అది మీరు అడగలేదు, మేమూ చెప్పలేదు" అన్నది. తరువాత వారిద్దరూ మాట్లాడుకున్నారు. నేను గట్టు మీద కూర్చుని విన్నాను. ఆనాడు నాకు తెలిసిన సంగతులు ఇవి.

జీవామృతం ఎరువు కాదు, తోడు వంటిది. పాలు లేనిదే తోడు ఏమి చేయగలదు? దానిలోని నత్రజని స్వల్పం. ఏళ్ల తరబడి యూరియా మీద ఆధారపడిన నేలలో సేంద్రియ పదార్థం తరిగిపోయి ఉంటుంది. అటువంటి చోట యూరియాను ఒక్కసారిగా మాన్పించి, డ్రమ్ము జీవామృతం పోస్తే పైరు ఆకలితో అలమటిస్తుంది. ముందు నేలకు పాలు చేకూర్చాలి. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పెంచి దున్నాలి. పేడ, బెల్లం, పిండి కలిపి ఎండబెట్టిన ఘనజీవామృతం ఎకరానికి 400 కిలోల వరకు ఆఖరి దుక్కిలో వేయాలి. వరి కోతకు ముందు చేలో మినుము చల్లే డెల్టా ఆచారాన్ని విడువరాదు. ఆ మినుము రైతుకు ఆదాయం, నేలకు నత్రజని.

చట్టం కూడా ఈ సంగతే చెబుతున్నది. సేంద్రియ ధ్రువీకరణ మన దేశంలో ప్రధానంగా రెండు విధాలు. మొదటిది అపెడా సంస్థ నిర్వహించే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. గుర్తింపు పొందిన సంస్థల తనిఖీదారులు వచ్చి పరిశీలిస్తారు. ఏకవార్షిక పంటలకు విత్తనం వేయడానికి ముందు కనీసం 2 సంవత్సరాలు పరివర్తన కాలంగా గడవాలి. రెండవది భాగస్వామ్య హామీ పద్ధతి. కనీసం 5 మంది రైతులు బృందంగా ఏర్పడి, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ప్రభుత్వ నియమమే నేలకు రెండేళ్లు గడువు ఇస్తుండగా, నేను ఒక్క పంటకాలం కూడా ఇవ్వలేదు.

ఆ ఏడు మా రైతు అర ఎకరంతో మొదలుపెట్టాడు. ఆ అర ఎకరానికి కౌలు లేదని, అక్కడ నష్టం వస్తే అది నాదేనని ముందుగానే కాగితం మీద వ్రాసి ఇచ్చాను. ఇప్పటికి మూడు పంటలైనాయి. నేడు ఎకరంన్నర ప్రకృతి సేద్యంలో ఉన్నది. దిగుబడి పక్క చేనుతో పోలిస్తే ఇంకా కొంచెం తక్కువే. మందుల ఖర్చు తప్పినందున చేతిలో మిగిలేది తక్కువ కాలేదని అతడంటున్నాడు. మిగిలిన ఎకరం ఎప్పుడు మార్చాలో అతడే నిర్ణయిస్తాడు.

వెళ్లదలచినవారికి

వ్యవసాయ యాత్రలకు వెళ్లదలచిన భక్తులకు మార్గాలు అనేకం ఉన్నాయి. గుంటూరు సమీపంలోని కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్ వారు ప్రకృతి సేద్యంపై శిక్షణ తరగతులు నిర్వహిస్తుంటారు. జిల్లాలలోని కృషి విజ్ఞాన కేంద్రాలలోను శిక్షణలు జరుగుతాయి. జనగామ జిల్లాలోని ఏనెబావి చూడదగిన గ్రామం. అక్కడి సుమారు 50 కుటుంబాలు ముందు పురుగుమందులను, ఆ తరువాత రసాయన ఎరువులను విడిచిపెట్టి, ఊరంతా ఒక్క మాటగా 2006 నాటికి రసాయన రహిత గ్రామంగా నిలిచాయి. జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు పాత విత్తనాలను కాపాడుతూ, ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై విత్తనాలను అలంకరించి ఊరూరా పాత పంటల జాతర నడుపుతారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఎక్కడికి వెళ్లినా, నా వలె డ్రమ్మును చూసి తిరిగి రాకండి. నేను మొదటిసారి అడగక పోగొట్టుకున్న ప్రశ్నలు నాలుగు ఉన్నాయి. మొదటి ఏడు ఎంత నేలలో చేశారు? ఆ ఏడు దిగుబడి ఎంత తగ్గింది, ఆ నష్టం ఎవరు భరించారు? భూమి సొంతమా, కౌలా? పంటను ఎవరు, ఏ ధరకు కొంటున్నారు? ఈ నాలుగింటికీ సమాధానం విన్న తరువాతనే మన ఊరి రైతుతో మాట్లాడాలి. మాట్లాడవలసినది కూడా ఆజ్ఞగా కాదు. వీలైతే ఆయననే ఆ పొలానికి తీసుకువెళ్లండి. రైతుకు రైతు చెప్పే మాటకు ఉన్న బలం మన సంకల్పానికి లేదు.

వెళ్లే ఋతువును కూడా గమనించండి. పంట నిండుగా ఉన్న మార్గశిరంలో అందరూ వెళ్తారు. వైశాఖంలో వెళ్తే నేల కనబడుతుంది. ఒకే చోటికి రెండుసార్లు వెళ్లడం పది చోట్లకు ఒక్కొక్కసారి వెళ్లడం కంటే మేలు. అక్కడివారు మీకోసం పని మానుకుని నిలబడతారు కనుక ఆ పూట కూలి విలువకు తగ్గని సంభావన సమర్పించండి. విద్య నేర్పినవారికి దక్షిణ ఇవ్వడం మనకు కొత్త కాదు కదా.

ప్రశ్నకు సమాధానం

ఇటీవల ఆ దాతగారు మళ్లీ సత్రానికి వచ్చారు. నా పాత సమాధానాన్ని సవరించుకుంటానని చెప్పి వారిని కూర్చోబెట్టాను. "రసాయనాలు లేని బియ్యాన్ని నివేదించడం ఉత్తమమే. అయితే ఆ బియ్యానికి తగిన ధర రైతుకు ముట్టిందా, నేల మారే కాలంలో నష్టాన్ని మనం పంచుకున్నామా అన్నది కూడా శుద్ధిలో భాగమే. ఆ రెండూ లేనప్పుడు, మామూలు బియ్యాన్నే న్యాయమైన ధరకు కొని సమర్పించండి. స్వామి కాదనడు" అన్నాను.

వారు కొంతసేపు మౌనంగా ఉండి, తమకూ స్వగ్రామంలో నాలుగు ఎకరాలు కౌలుకు ఉన్నదని, ఆ రైతు పేరు తెలుసునే కానీ మనిషిని చూసి పదేళ్లైనదని చెప్పారు. ఈ వైశాఖంలో వెళ్తామన్నారు. నేనూ వెంట వస్తానన్నాను. మోకాళ్ల నొప్పులున్నా, గట్టు మీద కూర్చుని వినడానికి అడ్డు లేదు.

స్వస్తి.